పాత ఫోల్డింగ్ కెమెరా బెలోస్: అతుకు వెయ్యాలా, మార్చెయ్యాలా?

“బెలోస్‌కి చిల్లులున్నాయి, అతుకేస్తే సరిపోతుందా?” పాత ఫోల్డింగ్ కెమెరా చేతికొచ్చిన వాళ్లలో చాలామంది నన్ను అడిగే ప్రశ్న ఇదే. బెలోస్ అంటే లెన్స్‌కీ ఫిల్మ్‌కీ మధ్య, బయటి వెలుగు చొరకుండా మడతలు మడతలుగా ఉండే సంచి. ఈ మధ్య నా 6×6 (సెంటీమీటర్ల ఫిల్మ్ ఫ్రేమ్) కెమెరా విషయంలో నేనూ ఇదే తేల్చుకోవాల్సి వచ్చింది.

చీకటి గదిలో లోపల చిన్న టార్చి పెట్టి చూస్తే, మూలల్లో పదకొండు చోట్ల వెలుగు చుక్కలు కనబడ్డాయి. బెలోస్‌ని అటూ ఇటూ కదిపితే ఇంకో రెండు తేలాయి. చిల్లులు ఎక్కువగా మూలల్లోనే పడతాయి. అక్కడ మడత మీద మడత పడి, మూసి తెరిచిన ప్రతిసారీ ఆ చోటే నలుగుతుంది.

రెండు మూడు చిల్లులే ఉంటే అతుకు తప్పేమీ కాదు. నల్ల యాక్రిలిక్ రంగులో కాస్త పీవీఏ జిగురు కలిపి సన్నని కుంచెతో పలచగా రాసి, రోజంతా తెరిచే ఉంచాలి. తడి ఆరకుండా మూస్తే మడతలు అంటుకుపోయి, తెరిచేటప్పుడు చిల్లు కాస్తా చిరుగవుతుంది. జైస్ ఐకాన్ ఐకాంటా లాంటి కెమెరాల బెలోస్ సాధారణంగా గట్టివి, వాటిమీద అతుకు నిలుస్తుంది. ఆగ్ఫా ఐసొలెట్ కెమెరాల సంగతి వేరు. అక్కడ పదార్థమే చివికిపోయి ఉంటుంది కాబట్టి ఇవాళ ఒకటి మూస్తే రేపు దాని పక్కనే ఇంకొకటి. వాటిని మార్చాల్సిందే.

మార్చాలనుకున్నాక అందరూ తోలా, సింథటిక్కా అని అడుగుతారు. నన్నడిగితే అసలు చూడాల్సింది మందం. లెక్క చూడండి. పైగుడ్డ, మధ్యలో అట్ట బద్ద, లోపలి నల్లగుడ్డ కలిపి అర మిల్లీమీటరు అనుకుందాం. పన్నెండు మడతలంటే 24 పొరలు, అంటే 12 మిల్లీమీటర్లు. అదే పావు మిల్లీమీటరైతే 6 చాలు. ముందుకు సన్నబడే బెలోస్‌లో మడతలు ఒకదాంట్లో ఒకటి కొంత ఒదుగుతాయి, నిజమే. కానీ మూలల్లో పొరలు రెట్టింపవుతాయి. చిన్న కెమెరాలో తలుపు వెనకాల ఉండే చోటే కొంచెం.

నేను మొదట సొంతంగానే చేశాను. కాగితం మీద గీసుకుని, బద్దలు కత్తిరించి, జిగురు పచ్చిగా ఉండగానే మడతలు పెట్టాను. వేళ్ల కింద ఒక్కో మడతా నిలబడుతుంటే కలిగే ఆనందం చెప్పలేను. వెలుగు చుక్క కూడా దూరలేదు. కానీ తలుపు గట్టిగా నొక్కితే తప్ప పడలేదు. తెరిస్తే బిరుసు బెలోస్ వెనక్కి లాగుతూ, లెన్స్ ముందరి చట్రాన్ని పూర్తిగా లాక్ అవనివ్వలేదు. చట్రం వెంట్రుకవాసి వాలినా ఫోటోలో ఒక పక్క మసకబారుతుంది. దాన్ని తీసేసి, నా మోడల్ కొలతలకే తయారైన పలచని సింథటిక్ బెలోస్ తెప్పించి వేశాను. తలుపు రెండు వేళ్లతో పడింది.

కాబట్టి చిన్న ఫోల్డింగ్ కెమెరాకైతే నా ఓటు రెడీమేడ్‌కే. ఆర్డరిచ్చే ముందు మోడల్ పేరొక్కటే చెప్పి ఊరుకోకుండా, మూసినప్పటి మందం ఎంతో అడగండి. 4×5 అంగుళాల ఫిల్మ్ వాడే పెద్ద కెమెరాలకు మాత్రం సొంతంగా చెయ్యమనే అంటాను. అక్కడ చోటుంటుంది, కొలతలో చిన్న తేడా వచ్చినా సర్దుకుంటుంది.

అదే మోడల్ పాడైన కెమెరా కొని దాని బెలోస్ తీసి వెయ్యడం ఇంకో దారి. ఆ బెలోస్‌ది కూడా అదే వయసు కదా, టార్చి పరీక్ష అయ్యాకే ఆ మాట.

ఏది వేసినా, షట్టర్ విప్పేటప్పుడు దాని కింద పలచని రింగులుంటే ఏది ఎక్కడుందో గుర్తు పెట్టుకోండి. ఒకటి తప్పినా ఇన్ఫినిటీ ఫోకస్ (చాలా దూరంలోని వస్తువుల మీద ఫోకస్) చెడుతుంది. బిగించాక ఫిల్మ్ ఆనే పట్టాల మీద వెలుగు కొంత దూరే, పాలరంగు మసక టేపు అతికించి, షట్టర్‌ని బీ (నొక్కినంతసేపూ తెరిచి ఉండే సెట్టింగ్) మీద తెరిచి, దూరంగా ఉన్న వస్తువు దానిమీద స్పష్టంగా పడుతోందో లేదో భూతద్దంతో చూడండి. కొత్త బెలోస్ గాలి చొరకుండా ఉంటుంది గనక కెమెరాని ఒక్కసారిగా తెరిస్తే ఆ ఊపుకి ఫిల్మ్ ముందుకు ఉబ్బుతుంది. మెల్లగా తెరిచి, ఆ తర్వాతే ఫిల్మ్ తిప్పండి.