హెరొడోటస్, థూసిడిడీస్: ఓటమికి కారణం విధా, మనిషా?

క్రీ.పూ. 5వ శతాబ్దపు ఈ ఇద్దరు గ్రీకు చరిత్రకారుల తేడా పట్టుకోవడానికి చెరొక ఓటమి చాలు.

హెరొడోటస్ చెప్పింది లిడియా రాజు క్రీసస్ గురించి. పర్షియా మీదికి దండెత్తితే ఒక మహాసామ్రాజ్యం కూలుతుందని డెల్ఫీలోని అపోలో దేవుడి గుడి జోస్యం. సరిహద్దులోని హాలిస్ నది దాటాడు, కూలింది తనదే. నిలదీస్తే డెల్ఫీ ఇచ్చిన జవాబులోనే అసలు లోతంతా ఉంది. అయిదు తరాల కిందట పూర్వీకుడు గైజిస్ తన రాజును చంపి గద్దెనెక్కిన పాపం క్రీసస్‌కు తగిలింది. విధిని దేవుడు కూడా తప్పించలేడు. అపోలో లిడియా రాజధాని సార్డిస్ పతనాన్ని మూడేళ్లు వాయిదా వేయించగలిగాడు, అంతే. అయినా తప్పు క్రీసస్‌దే: ఏ సామ్రాజ్యమని మళ్లీ అడగాల్సింది. దీన్ని ఉత్త తలరాత కథగా చదివేవాళ్లు ఈ చివరి మాటను వదిలేస్తారు. ఇక్కడ విధీ నిజమే, మనిషి పొరపాటూ నిజమే.

థూసిడిడీస్‌కు దేవుళ్లు కారణం కాదు, వాళ్ల మీద జనానికున్న నమ్మకం కారణం. క్రీ.పూ. 413 ఆగస్టులో సిసిలీలోని సిరక్యూస్ నగరం మీదికి దండెత్తిన ఏథెన్స్ సేన దాన్ని వదిలి బయల్దేరబోతుండగా చంద్రగ్రహణం పట్టింది. జోస్యులు మూడు తొమ్మిదులు, అంటే 27 రోజులు ఆగమన్నారు. సైనికుల్లో చాలామందీ అదే కోరారు. సేనాని నికియాస్ ఆగాడు. ఈలోగా శత్రువు రేవు ముఖద్వారం మూసేశాడు. చివరికి 7,000 మందికి తగ్గకుండా బందీలై రాతి గనుల పాలయ్యారు. నికియాస్‌కు శకునాల మీద మోజు కాస్త ఎక్కువని థూసిడిడీస్ ఒక్క వాక్యంలో తేల్చేస్తాడు.

ఏథెన్స్‌లో అంటువ్యాధి ప్రబలినప్పుడు, యుద్ధంతో పాటు ఏదో వస్తుందన్న పాత జోస్యంలోని మాట ‘లిమోస్’ (కరువు) కాదు, ‘లోయిమోస్’ (తెగులు) అని జనం వాదించారు. కరువొస్తే మళ్లీ లిమోస్ అనే పాడతారని థూసిడిడీస్ అంచనా.