గుంటూరు కొత్తపేటలో ఒక డే కేర్ విభాగం: ఆరు విడతల అనుభవం

గ్లయోబ్లాస్టోమా అనే మెదడు కణితి తిరగబెట్టిన మా తమ్ముడికి బెవాసిజుమాబ్ అనే మందు ఎక్కించడానికి, గుంటూరు కొత్తపేటలోని ఒక ప్రైవేటు ఆసుపత్రి డే కేర్ విభాగానికి రెండు వారాలకొకసారి చొప్పున ఆరుసార్లు వెళ్లాను. రాసేదాంట్లో ఫిర్యాదు కూడా ఉంది కనుక ఆసుపత్రి పేరు చెప్పడం లేదు. కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరైన నాకు మందు కంటే అది పనిచేసే తీరు మీదే ధ్యాస ఎక్కువ. నా ప్రశ్నలకు అక్కడ ఎవరూ విసుక్కోకపోవడమే నాకు ముందుగా నచ్చింది.

మొదటిరోజు డాక్టరుగారు ఫైలు అట్ట వెనక బొమ్మ గీసి మరీ వివరించారు. కణితి పెరిగేకొద్దీ నడిమి కణాలకు ఆక్సిజన్ అందదు. ఆక్సిజన్ ఉన్నంతకాలం ఎప్పటికప్పుడు నశించిపోయే హిఫ్ అనే ప్రోటీన్, అప్పుడు నశించకుండా పోగుపడి, కేంద్రకంలోకి చేరి, రక్తనాళాలను పెంచే వీఈజీఎఫ్ అనే ప్రోటీన్‌ను తయారుచేసే జన్యువును మేల్కొలుపుతుంది. ఆ వీఈజీఎఫ్ వెళ్లి దగ్గరలోని రక్తనాళాల లోపొర కణాల మీదున్న గ్రాహకాలకు అంటుకుని కొత్త కొమ్మలు వేయిస్తుంది. కణాలు ఆక్సిజన్‌ను పసిగట్టే పద్ధతిని కనిపెట్టినందుకే కేలిన్, రాట్‌క్లిఫ్, సెమెంజాలకు 2019లో నోబెల్ వచ్చిందని నేను అందుకోగానే, ఆయన నవ్వి "మిగతాది మీరే గీయండి మాష్టారూ" అంటూ పెన్ను నా చేతిలో పెట్టారు.

అలా పుట్టుకొచ్చిన నాళాలు, గట్టు గట్టిపడకముందే నీళ్లు వదిలిన పంటకాలువల వంటివి. వాటి నుంచి ద్రవం కారి, చుట్టూ ఉన్న మెదడు వాస్తుంది. 1983లో సెంగర్, డ్వోరాక్ బృందం ఈ పదార్థాన్ని మొదట గుర్తించింది నాళాలను కారేలా చేసే కారకంగానే. 1989లో ఫెరారా బృందం వేరుచేసిన పెరుగుదల కారకమూ అదీ ఒకటేనని తరువాత తేలింది. వీఈజీఎఫ్‌ను పట్టి ఉంచే యాంటీబాడీయే మేము ఎక్కించుకున్న మందు.

ఇంతకుముందు వెళ్లిన మరోచోట "మందు పడితే గడ్డ ఎండిపోతుంది" అని ఒక్కమాటలో తేల్చారు. ఇక్కడ అలా ఆశపెట్టలేదు. నాళాలు కారడం తగ్గగానే ఎమ్మారైలో మెరిసే భాగం చిన్నదవుతుందనీ, అంతమాత్రాన కణితి కరిగిందనుకోవద్దనీ ముందే హెచ్చరించారు. 2014లో వెలువడిన రెండు పెద్ద పరీక్షల్లో, కొత్తగా జబ్బు బయటపడినవారికి ఈ మందు వ్యాధి ముదరకుండా ఉండే కాలాన్ని కొన్ని నెలలు పెంచింది కానీ ఆయుష్షును పెంచలేదని, ఒక దారి మూస్తే కణితి ఎఫ్‌జీఎఫ్, యాంజియోపొయిటిన్-2 వంటి, నాళాలను పెంచే ఇతర ప్రోటీన్ల దారులు వెతుక్కోవచ్చని, లేదా ఉన్న నాళాల వెంటే పాకవచ్చని కూడా దాచకుండా చెప్పారు. మా వరకు జరిగింది ఇదీ: మూడో విడత తరువాత మెదడు వాపు తగ్గించే స్టెరాయిడ్ డెక్సామెథసోన్ మోతాదు తగ్గించారు, తమ్ముడు చొక్కా గుండీలు మళ్లీ తనే పెట్టుకున్నాడు.

నర్సుల పనితీరుకు వంక పెట్టలేను. బీపీ చూసి, మూత్రంలో ప్రోటీన్ పోతోందో లేదో తేలాకే సెలైన్ తగిలించేవారు. మొదటిసారి 90 నిమిషాలు, రెండోసారి 60, ఆ తరువాత 30 నిమిషాల్లో ఎక్కించారు.

ఫార్మసీ సంగతి వేరు. తమ్ముడి బరువు 62 కిలోలు, మోతాదు కిలోకు 10 మిల్లీగ్రాములు, అంటే 620. సీసాలేమో 400, 100 మిల్లీగ్రాములవి. మొదటి రెండు విడతలకూ 700 మిల్లీగ్రాములకు బిల్లు వేసి, మిగిలిన 80 పారేశారు. మూడోసారి నేనే డాక్టరుగారిని అడిగితే 600కు సరిపెట్టడానికి అభ్యంతరం లేదన్నారు. ఇంత ఖరీదైన మందుకు ఆ ప్రశ్న వేయవలసింది రోగి అన్నగారా, ఫార్మసీవారా? నాలుగో విడతకు అసలు స్టాకే లేదు. ఐస్ పెట్టెలో మందు వచ్చేదాకా రెండు గంటలు కూర్చున్నాం, అదీ ఎనిమిది మంచాలకు వెంట వచ్చినవారి కోసం వేసిన మూడే కుర్చీల దగ్గర.

అయినా ఏడో విడతకూ అక్కడికే వెళుతున్నాం. వెళ్లదలచినవారు ముందురోజు సాయంత్రమే ఫోన్ చేసి మందు ఫ్రిజ్‌లో ఉందో లేదో కనుక్కోండి. దగ్గరలో ఏదైనా ఆపరేషన్ అనుకుంటుంటే ఆ మాట తప్పక చెప్పండి. ఈ మందు గాయాలను త్వరగా మాననివ్వదు కనుక కనీసం 28 రోజుల ముందే ఆపవలసి ఉంటుంది.