సిడ్ ఎస్ఎల్, సిడ్: క్రాస్ కంట్రీ సైకిల్‌కు ఏ ఫోర్క్ తగినది?

ఫోర్క్ అంటే సైకిల్ ముందు చక్రాన్ని పట్టి ఉంచి, కుదుపులకు కుంగే భాగం. రాక్‌షాక్స్ సంస్థ 2020లో తెచ్చిన సిడ్ ఎస్ఎల్, సిడ్ ఫోర్కులు రెండింటికీ 15 మి.మీ. త్రూ-యాక్సిలే (చక్రం మధ్య నుంచి దూర్చి ఫోర్క్‌కు బిగించే ఇరుసు) ఉంది, రెండూ 110 మి.మీ. వెడల్పున్న బూస్ట్ హబ్‌నే (హబ్ అంటే చక్రం మధ్య భాగం) కోరుతాయి. కనుక చక్రాన్ని బిగించే తీరులో వాటి మధ్య తేడా లేదు. తేడా ఫోర్క్ పై గొట్టాల్లో, అంటే కింది కాళ్లలోకి జారే గొట్టాల్లో ఉంది. ఎస్ఎల్‌లో వాటి వ్యాసం 32 మి.మీ., ఫోర్క్ కదలిక, అంటే అది కుంగగల దూరం, 100 మి.మీ.; సిడ్‌లో అవి 35, 120. ఆ మేరకు సిడ్ బరువు సుమారు 200 గ్రాములు ఎక్కువ.

బరువు తూకంలో వెంటనే కనిపిస్తుంది కానీ, గొట్టాలు వంగకుండా నిలిచే గట్టిదనం దిగుడులోనే తెలుస్తుంది. రాళ్లు తేలిన వాలులో ముందు బ్రేకు గట్టిగా పట్టినప్పుడు సన్న గొట్టాలు వెనక్కి వంగుతాయి, అప్పుడు ఫోర్క్ సాఫీగా కుంగక పట్టేసినట్లవుతుంది, చక్రం మనం అనుకున్న దారి నుంచి కాస్త పక్కకు జరుగుతుంది. బరువైన రైడర్‌కు ఇది మరింత స్పష్టంగా తెలుస్తుంది కాబట్టి, అలాంటి వారికి నేను నిస్సంకోచంగా సిడ్‌నే సూచిస్తాను.

అయితే 100 మి.మీ. ఫోర్క్ కోసం రూపొందించిన ఫ్రేముకు సిడ్ బిగిస్తే ముందు భాగం పైకి లేచి, హెడ్ కోణం (ఫ్రేములో ఫోర్క్ దూరే గొట్టం నేలతో చేసే కోణం) సుమారు ఒక డిగ్రీ వాలుతుంది, నిటారు ఎక్కుడులో ముందు చక్రం తేలికగా లేస్తుంది. అలాంటి ఫ్రేముకు ఎస్ఎల్ సరైనది. పాత 100 మి.మీ. వెడల్పు హబ్ ఉన్న చక్రం మాత్రం ఈ రెండింటిలో దేనికీ నేరుగా సరిపోదు.