కాలర్ మైకు, ట్రైపాడ్ సెట్: అబ్జర్వేషన్‌కి ముందు నా క్లాసు నేనే విన్నా

ఇది యూట్యూబ్ వాళ్ళ సామాను, నేను కొన్నది మాత్రం క్లాస్ అబ్జర్వేషన్ భయంతో. వైర్‌లెస్ కాలర్ మైకు, అయిదడుగుల ట్రైపాడ్, రెండూ కలిపి వైజాగ్ జగదాంబ దగ్గర షాపువాడు 1350 చెప్పాడు, "ఏటి బాబూ, టీచర్లం, రీల్స్ చేసుకునేవాళ్ళం కాదు" అని బేరమాడితే 1100కి దిగాడు. మూడు నెలలు వాడి రాస్తున్నా.

మన ఏపీలో ప్రభుత్వ బడుల చదువు మెరుగుపరచడానికని సాల్ట్ ప్రాజెక్టు వచ్చాక, క్లాసులో కూర్చుని టీచరు ఎలా చెబుతున్నారో చూసి మార్కులు వేసే టీచ్ టూల్ మాట వినని టీచరు లేరు కదా. ప్రపంచ బ్యాంకు వాళ్ళు 2019లో తెచ్చింది అది, 15 నిమిషాల చొప్పున రెండుసార్లు క్లాసు చూస్తారు, మధ్యమధ్యలో ఎంతమంది పిల్లలు పనిలో ఉన్నారో కూడా రాసుకుంటారు. చార్టులూ లెసన్ ప్లానూ అంటే రాత్రి కూర్చుని చేసేస్తాం, నోటికి పట్టిన అలవాటు ఒక్క రాత్రిలో పోదు. అందుకే నేనూ 15 నిమిషాలే రికార్డు చేసుకుని ఇంటికెళ్ళి విన్నా. హెచ్‌ఎం గారికి చెప్పే చేశా, ఫోను బోర్డు వైపే పెట్టా, పిల్లల ముఖాలు పడకుండా, వినడం అయిపోగానే డిలీట్.

మైకు బాగుంది, గొంతు క్లియర్‌గా వస్తోంది. పైట మీద పెడితే మాత్రం మొదటి రోజంతా చీర గరగర, మధ్యలో నల్లపూసలు తగిలి టకటక. భుజం దగ్గర పిన్ను పక్కన పెట్టాక పోయింది. ఇంకోటి, ఫ్యాన్ శబ్దం తగ్గుతుందని నాయిస్ బటన్ నొక్కితే పిల్లల గొంతులు కూడా మాయం, నేనొక్కదాన్నే ఖాళీ గదిలో మాట్లాడుతున్నట్టుంది! మనకి కావాల్సింది పిల్లల జవాబులే కాబట్టి ఆ బటన్ జోలికి వెళ్ళకండి. చార్జింగ్ ఆరు గంటలన్నాడు, మూడు వస్తే గొప్ప.

ఇక విన్నాక నా పరువు పోయింది. నాలుగో తరగతి, భిన్నాలు. 15 నిమిషాల్లో "అర్థమైందా" అని 23 సార్లు అన్నా, క్యాలెండర్ కాగితం వెనక గీతలు పెట్టి మరీ లెక్కపెట్టా. ప్రతిసారీ "యస్ టీచర్" అని అందరూ ఒకటే పాట, నేను ముందుకి పోవడం. ఆ టూల్‌లో దీన్ని పిల్లలకి అర్థమైందో లేదో చూసినట్టు లెక్కవేయరు, న్యాయమే. ప్రశ్న వేసి జవాబు కూడా నేనే చెప్పేస్తున్నా. 1970ల్లో మేరీ బడ్ రో అనే ఆవిడ కూడా ఇలాగే క్లాసులు టేపు చేసి వింటే, టీచర్లు ప్రశ్న వేశాక ఒక్క సెకను మించి ఆగట్లేదని తేలిందట, మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పెద్దవయ్యాయట. చెప్పడానికి మూడు సెకన్లే గానీ క్లాసులో నోరు మూసుకుని నిలబడితే అదే ఓ యుగం.

తర్వాతి వారం పలకలు ఇచ్చి, మూడో వంతు పెద్దదా నాలుగో వంతు పెద్దదా రాసి పైకెత్తండ్రా అన్నా. సగం పలకల మీద నాలుగో వంతే. అందరూ యస్ టీచర్ అన్నవాళ్ళే! ఆ రోజు క్లాసు రికార్డింగ్‌లో వెనక బెంచీ నుంచి ఒకడి గొంతు చిన్నగా వినిపించింది, "ముగ్గురం పంచుకుంటేనే ఎక్కువొస్తాది టీచర్" అని. క్లాసులో ఉండగా అది నా చెవిన పడనేలేదు. మర్నాడు వాణ్ణే బోర్డు దగ్గరికి పిలిచి చెప్పించా.

అబ్జర్వేషన్ రోజు "అర్థమైందా" రెండుసార్లు జారింది, నాలిక కరుచుకున్నా. మార్కులు నాకు చెప్పలేదు, చేతులు మాత్రం వణకలేదు, నాకది చాలు.

ట్రైపాడ్ మాత్రం దండగ. ఫోను పట్టుకునే క్లిప్పు లూజు, రెండుసార్లు జారితే డస్టర్ అడ్డుపెట్టి లాగించా. మా ఇల్లు లాసన్స్ బే వైపు, సముద్రపు గాలికి కిటికీ గడియలే ఆగవు, దీని మరలు నెలన్నరకే తుప్పెక్కాయి, కొబ్బరినూనె చుక్క వేస్తే గానీ తిరగట్లేదు. మార్చమని తీసుకెళ్తే "సెట్‌లో ఫ్రీగా ఇచ్చింది మేడమ్, దానికి గ్యారంటీ ఉండదు" అన్నాడు, మరి బేరంలో రెండూ కలిపే రేటు చెప్పావు కదయ్యా అంటే నవ్వాడు. మైకు ఒక్కటే కొనుక్కోండి, ఫోను కిటికీలో పుస్తకాల మధ్య నిలబెడితే సరిపోతుంది, ఇప్పుడు నేను చేస్తున్నది అదే.