నకళ్లు తెప్పించుకోవడమా, దస్త్రాన్ని స్వయంగా చూడడమా

తిరుపతిలో తమ వీధి కాలువ పనికి ఎంత ఖర్చయిందో తెలుసుకోదలచిన వారికి 2005 నాటి సమాచార హక్కు చట్టం రెండు దారులు ఇస్తుంది: నకళ్లు కోరవచ్చు, లేదా సెక్షన్ 2(జె) ప్రకారం కార్యాలయానికి వెళ్లి దస్త్రాన్నే పరిశీలించవచ్చు.

నకలు ధ్రువీకరించిన కాగితం కనుక తరువాత ఎక్కడైనా ఆధారంగా నిలుస్తుంది. అయితే ఏ కాగితం కావాలో పేరు పెట్టి అడగకపోతే, 30 రోజుల గడువు ముగిసే వేళకు ‘మీరు కోరిన సమాచారం స్పష్టంగా లేదు’ అన్న ఒక్క వాక్యంతో జవాబు రావడం మామూలే.

పరిశీలనలో ఆ చిక్కు లేదు. అంచనా పత్రం, కొలతల పుస్తకం, బిల్లు అన్నీ అడిగి చూడవచ్చు. కొలతల పుస్తకంలో ఇంజినీరు సంతకం పైన రాసిన పొడవు, లోతు అంకెలను అంచనాతోనూ, వీధిలోని అసలు కాలువతోనూ సరిచూసుకోవచ్చు. అధికారులు తమ అభిప్రాయాలు రాసే నోట్ ఫైలు తిరగేస్తే దస్త్రం ఏ బల్ల మీద ఎన్నాళ్లు ఆగిందో కూడా తెలుస్తుంది (అధికారులకు ఇబ్బంది కలిగించేది సాధారణంగా ఈ భాగమే). కాబట్టి ముందు చూసి, పేజీ సంఖ్యలు రాసుకుని, వాటికే నకళ్లు కోరడం మేలని నా అభిప్రాయం.

తిరుపతి జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది కనుక పాత దస్త్రం చిత్తూరులో ఉంటే మాత్రం అంత దూరం వెళ్లే బదులు నకళ్లే నయం. దరఖాస్తు తప్పు కార్యాలయానికి చేరినా, సెక్షన్ 6(3) ప్రకారం 5 రోజుల్లోగా సరైన చోటికి బదిలీ చేయవలసిన బాధ్యత దాన్ని అందుకున్న కార్యాలయానిదే.