రెండున్నరేళ్లుగా యూట్యూబ్‌లో హీబ్రూ: నాకేం వచ్చింది, ఏం రాలేదు

మా నాయనమ్మ బైబిల్లో 119వ కీర్తన తెరిస్తే ప్రతి ఎనిమిది వచనాలకీ ఒకసారి ఆలెఫ్, బేత్, గీమెల్ అని ఉండేది. ఇవేంటని అడిగితే, "అవి చదవక్కర్లేదు, దాటేయ్" అన్నారు. అవి హీబ్రూ అక్షరాల పేర్లనీ, మొత్తం 22 అనీ నాకు నలభయ్యో ఏట తెలిసింది. అప్పట్నుంచి పైసా ఖర్చు లేకుండా ఫోన్లోనే నేర్చుకుంటున్నాను.

మొదటి నాలుగు నెలలు దండగ. తప్పు నాదే. ఇజ్రాయెల్‌లో ఇప్పుడు మాట్లాడే హీబ్రూ వీడియోలు పట్టుకున్నాను. 'అన్నాడు'కి 'అమర్' అని నేర్చుకుని ఆదికాండం తెరిస్తే, ఎక్కడ చూసినా 'వయ్యోమెర్'. దానర్థం కూడా 'అన్నాడు' అనేనట! బైబిలు చదవాలనుకునేవాళ్లు బైబిలు హీబ్రూ పాఠాలే వెతుక్కోండి.

తర్వాత 'ఆలెఫ్ విత్ బెత్' అనే బైబిలు హీబ్రూ యూట్యూబ్ ఛానల్ దొరికింది. అందులో టీచరు ఇంగ్లీషు జోలికి పోదు. బొమ్మలు చూపిస్తూ, నటిస్తూ, హీబ్రూలోనే చెప్పుకుపోతుంది. మనకిది పెద్ద వరం. వ్యాకరణం ఇంగ్లీషులో చెప్పే వీడియోల్లో ముందు ఆ ఇంగ్లీషు వ్యాకరణ పదాలు అర్థం చేసుకునేసరికే నాకు ఓపిక అయిపోయేది. మా అమ్మకి ఇంగ్లీషు రాదు. చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ పక్కన కూర్చుని చూసేది. రెండు వారాలకి నేను తడబడితే, "సూసా కాదురా, అది మగ గుర్రం, సూస్" అని దిద్దింది.

మనకి కొత్తగా అనిపించేది లింగం. 'నువ్వు వచ్చావు' అనడానికి మగవాడితో 'బాతా', ఆడమనిషితో 'బాత్'. ఇప్పటికీ తప్పుతాను. మూడక్షరాల ధాతువులు మాత్రం సరదాగా ఉంటాయి. కాతవ్ అంటే రాశాడు, మిఖ్తావ్ అంటే రాత. మనం 'కితాబిచ్చారు' అంటామే, ఆ కితాబు అరబ్బీ నుంచి వచ్చినా ధాతువు ఒకటే. హేత్ అనే అక్షరం నా నోట మామూలు 'హ'గానే పలుకుతుంది. 'ఖబర్' అనే ఉర్దూ మాటని గొంతులోంచి పలికే హైదరాబాదీ మిత్రుడికి అది మొదటిరోజే వచ్చేసింది.

వీడియోల అసలు మోసం ఒకటుంది. చూస్తున్నంతసేపూ అన్నీ అర్థమవుతాయి, ఎందుకంటే సగం అర్థం టీచరు చేతుల్లో, కళ్లల్లో ఉంటుంది. ఫోన్ పక్కనపెట్టి పేజీ తెరిస్తే చూడ్డానికి దాదాపు ఒకేలా ఉండే అక్షరాల్లో దాలెత్ ఏదో రేష్ ఏదో తెలియదు. ద్వితీయోపదేశకాండం 6:4లో 'ఎహాద్', అంటే 'ఒక్కడే', అన్న మాట చివరి దాలెత్‌ని యూదు లేఖకులు పెద్దదిగా రాస్తారు. అది రేష్ అయితే 'అహేర్', 'వేరొకడు' అయిపోతుంది. నేను సరిగ్గా అలాగే చదివాను. అప్పుడు రూళ్ల నోటుపుస్తకం కొని, ప్రతి పాఠం చేత్తో రాయడం మొదలుపెట్టాను. నాది ఎడమచేతివాటం. కుడినుంచి ఎడమకి రాస్తుంటే, జన్మలో మొదటిసారి సిరా అరచేతికి అంటలేదు.

ఇప్పుడు నిఘంటువు పక్కన పెట్టుకుని రూతు గ్రంథం మెల్లగా చదవగలను. ఆదికాండం 1:3 మన బైబిల్లో "వెలుగు కమ్మని పలుకగా వెలుగు కలిగెను". హీబ్రూలో దేవుడన్నది 'యెహీ ఓర్', జరిగింది 'వయెహీ ఓర్'. అన్న మాటే, ముందు ఒక్క 'వ' చేరి, జరిగిపోయింది. ఆ రోజు ఆఫీసుకి ఆలస్యంగా వెళ్లాను.

కీర్తనలు మాత్రం ఇంకా కొరుకుడు పడలేదు. 119లో ఆలెఫ్ కిందున్న ఎనిమిది వచనాలూ ఆలెఫ్‌తోనే మొదలవుతాయని కళ్లారా చూశాను. అర్థం చెప్పమంటే రెండో వచనం దగ్గరే ఆగిపోతాను.