చిన్న ట్రైలర్‌లో పిల్లలకి బంకులా, టేబుల్ బెడ్డా?

ఇద్దరు పిల్లలున్న ఇంటివాళ్లు ఈ మధ్య వరసపెట్టి ఇదే అడుగుతున్నారు. కారు వెనక తగిలించుకుని వెళ్లి, రాత్రికి లోపలే పడుకునే 16 అడుగుల చిన్న ట్రైలర్ అనేసరికి చివరికి రెండు రకాలు తేలుతాయి. వెనకాల ఒకదాని మీద ఒకటి బంకులు, అంటే రైలు బెర్తుల్లాంటి పడకలు, ఉన్నది ఒకటి, రాత్రికి టేబుల్ దించి మంచంగా మార్చుకునేది ఇంకొకటి. మేం మూడేళ్లు టేబుల్ బెడ్ దాంట్లో తిరిగి, ఆ తర్వాత బంకుల దానికి మారాం.

కొనేటప్పుడు మాత్రం టేబుల్ రకమే ముద్దొస్తుంది. పెద్ద కిటికీలు, లోపల వెలుతురు, సీట్ల కింద బోలెడు సామాను పడుతుంది. దాని పక్కన బంకుల ట్రైలర్ సామాన్ల గదిలా కనిపిస్తుంది.

అసలు సంగతి రాత్రి 8 గంటలకి బయటపడుతుంది. పిల్లలకి నిద్రొస్తుంది. టేబుల్ మీదున్న ప్లేట్లు, రంగు పెన్సిళ్లు, సగం ఆడిన పేకముక్కలు ఎక్కడికో చేర్చాలి. మా టేబుల్ కాలు నేలలోని గూట్లో బిగుసుకుపోయేది, అరచేత్తో నాలుగు దెబ్బలు వేస్తే గానీ ఊడేది కాదు. మెత్తలు సరైన వరసలో పేర్చకపోతే మధ్యలో సందు పడేది, తెల్లారేసరికి మా చిన్నది ఆ సందులో ఉండేది. సరే, పిల్లలు పడుకున్నారు, మరి పెద్దవాళ్లం ఎక్కడ కూర్చోవాలి? వాన లేకపోతే బయట కుర్చీలున్నాయి. వానొస్తే మా మంచం అంచునే, లైటు ఆపేసి, గుసగుసలాడుకుంటూ. పొద్దున ఒకడు లేస్తే చాలు, రెండోది కూడా లేచేవరకు టీ పెట్టుకోవడానికి కూడా జాగా లేదు.

బంకులున్న దాంట్లో పిల్లలు తెర లాగేసుకుంటారు, టేబుల్ టేబుల్‌గానే ఉంటుంది. రోజంతా ముసురు పట్టిన రోజున ఆ ఒక్క టేబుల్ విలువ తెలుస్తుంది. నాకైతే మిగతా లెక్కలన్నీ దీని తర్వాతే.

బంకులకీ తిప్పలున్నాయి. పై బంకు మీద ఎంత బరువు వేయొచ్చో ముందే కనుక్కోండి, పిల్లల్ని అక్కడే పడుకోబెట్టి పొడవు చూడండి. రెండేళ్లలో ఎదిగిపోతారు మరి. ఇంకోటి, ప్రయాణంలో బంకులు బ్యాగులు పడేసే చోటుగా మారిపోతాయి. అవి ఇరుసుకి వెనకాల ఉంటాయి కాబట్టి హిచ్ మీద, అంటే ట్రైలర్‌ని కారుకి తగిలించే చోట, బరువు తగ్గుతుంది. నిండిన ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ మీద పడాలి, లేకపోతే వేగంలో వెనక తోక ఊగడం మొదలవుతుంది. మొదటి ట్రిప్‌లోనే ఆ టెన్షన్ చవిచూశాం. ఇప్పుడు వెనక్కి దిండ్లూ దుప్పట్లూ మాత్రమే వెళ్తాయి.

గుడ్డ గోడల మడత ట్రైలర్ తేలిగ్గా ఉంటుంది గానీ, తడిగా మడిస్తే ఇంటికి రాగానే మళ్లీ విప్పి ఆరబెట్టాలి, లేదంటే బూజు. టియర్‌డ్రాప్, అంటే కన్నీటి చుక్క ఆకారంలో ఉండే బుల్లి ట్రైలర్, ఇద్దరికి బాగుంటుంది, నలుగురికి కుదరదు.

ఒక్కరే బిడ్డయితే, అదీ పొద్దెక్కేదాకా లేవని రకమైతే, టేబుల్ బెడ్ తీసుకున్నా నష్టం లేదు. టేబుల్ కాలి చివర కాస్త మైనం రుద్దుకోండి, అంతే.